ట్రెడ్ మిగిలినంత మాత్రాన టైరు బాగున్నట్టు కాదు

బెంగళూరులో తిరిగే థార్, జిమ్నీ, గూర్ఖా బండ్లలో చాలావాటికి వారమంతా ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్కే పని. శనివారం తెల్లవారుజామున చిక్కబళ్ళాపూర్, బాగేపల్లి దాటి పెనుకొండ రాళ్ళలోకో, ఓపికుంటే గండికోట వైపు మట్టిదారుల్లోకో దిగుతాయి. ఇలా నడిచే బండికి కిలోమీటర్లు పెద్దగా పెరగవు, ట్రెడ్, అంటే నేలను తాకే గాడుల భాగం, తొందరగా అరగదు. టైరు మాత్రం ఎండకు ముదురుతూ ఉంటుంది, రాళ్ళ దెబ్బలు తింటూ ఉంటుంది, గాలి తక్కువగా పరిగెత్తిన ప్రతిసారీ లోపల్లోపల దెబ్బతింటూ ఉంటుంది. అందుకే ఆఫ్‌రోడ్ బండి విషయంలో అందరూ మొదట చూసే గాడుల లోతు అన్నిటికంటే తక్కువ సంగతి చెబుతుంది. ఏడు మిల్లీమీటర్ల ట్రెడ్ ఉండి కూడా పనికిరాని టైర్లు ఉంటాయి.

టైరు స్థితి, వయసు, గాలి అని మూడు విడివిడి పరీక్షలుగా చూడటం వల్లే చిక్కు వస్తుంది. ఈ మూడూ ఒకదాన్నొకటి దాచేస్తాయి. కొత్తగా మెరిసే ట్రెడ్ వయసును దాస్తుంది. మంచి తేదీ ఉన్న టైరు, ఒకసారి గాలి లేకుండా పరిగెత్తిన సంగతిని దాస్తుంది. ఈ రోజు గేజి చూపే సరైన అంకె, వాల్వు మొదలు దగ్గరున్న పగులును దాస్తుంది. మూడూ ఒకే విడతలో, ఒకే క్రమంలో చూడాలి. బండి కదలకముందే గాలి కొలిచి రాసుకోవడం, ఆ తర్వాత టార్చి పట్టుకుని కిందికి వంగడం.

ముందు సైడ్‌వాల్, ఆ తర్వాతే ట్రెడ్

టైరులో బలహీనమైన చోటు సైడ్‌వాల్, అంటే ట్రెడ్‌కీ రిమ్ముకీ మధ్య ఉండే పక్క గోడ. ట్రెడ్ కింద ఉక్కు బెల్టులు ఉంటాయి. సైడ్‌వాల్లో మాత్రం పాలియెస్టర్ దారాల పొరలు ఒకటో రెండో, కొన్ని ఆఫ్‌రోడ్ టైర్లలో మూడు, వాటిపైన రబ్బరు, అంతే. ఎన్ని పొరలున్నాయో టైరు మీదే చిన్న అక్షరాల్లో అచ్చువేసి ఉంటుంది. కొనేటప్పుడు ట్రెడ్ డిజైను కంటే ముందు ఆ వరుస చదవడం మంచిది.

వెతకాల్సిన మొదటి దోషం ఉబ్బు. రాయికీ రిమ్ముకీ మధ్య టైరు నలిగినప్పుడు లోపలి దారాలు తెగుతాయి. పై రబ్బరు చెక్కుచెదరకుండా ఉన్నా, తెగిన చోట గాలి బయటికి తోసుకొచ్చి కోడిగుడ్డంత బుడిపె కట్టవచ్చు. దానికి మరమ్మతు లేదు. చిన్నదైనా సరే ఆ టైరు హైవే ఎక్కకూడదు. అయితే రిమ్ము నుంచి ట్రెడ్ వైపు నిలువుగా పోయే స్వల్పమైన లోతు గీతను చూసి కంగారు పడనక్కర్లేదు. లోపలి పొర రెండు కొసలు ఒకదానిమీదొకటి కలిసే చోట అలా కనిపించడం మామూలే. బయటికి పొంగితే ప్రమాదం, లోపలికి నొక్కుకున్నట్టుంటే సాధారణంగా అతుకు.

కోతలు కనిపిస్తే బొటనవేళ్ళతో రెండు పక్కలా విడదీసి టార్చి వేసి చూడాలి. నల్ల రబ్బరు మాత్రమే కనిపిస్తే గుర్తు పెట్టుకుని, తర్వాతి ప్రయాణం అయ్యాక పెరిగిందేమో మళ్ళీ చూడవచ్చు. దారం పోగు కనిపించిందంటే ఆ టైరు పని అయిపోయింది. తడి, మట్టి ఆ దారిన లోపలికి చేరి పొరల్ని విడదీస్తాయి. ట్రెడ్ దిమ్మల అంచులు పెచ్చులుగా ఊడటం వేరే విషయం. రాళ్ళలో నడిచే టైరుకు అది సహజం. దిమ్మ మొదలంటా చీలితేనే ఆలోచించాలి.

ఎక్కువమంది వదిలేసేది టైరు లోపలి వైపు. బండ్ల బాటలో గాడి తప్పి పక్కకు జారినప్పుడు రాయి గీసుకునేది తరచుగా ఆ వైపే. ముందు చక్రాలకైతే స్టీరింగు పూర్తిగా ఒకవైపు తిప్పి చూస్తే సగం, రెండోవైపు తిప్పితే మిగతా సగం కనిపిస్తుంది. వెనక చక్రాలకు నేలమీద పడుకోక తప్పదు. చూశాక బండిని అర చుట్టు ముందుకు జరిపి మళ్ళీ చూడాలి. నేలకు ఆనిన భాగం మొదటిసారి కనపడదు కదా.

అసలైన సాక్ష్యం మాత్రం టైరు లోపల ఉంటుంది. గాలి తక్కువగా ఉన్న టైరు ప్రతి చుట్టుకూ సైడ్‌వాల్ దగ్గర మడతపడి లేస్తుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే వేడెక్కి తెగినట్టే, ఆ మడతలో దారాలూ రబ్బరూ వేడెక్కి విడిపోతాయి. అలా పరిగెత్తిన టైరును రిమ్ము నుంచి విప్పితే లోపల నల్లటి రబ్బరు పొడి రాలుతుంది, సైడ్‌వాల్ లోపలి ముఖం మీద చుట్టూ వలయంలా గీరుకుపోయిన గుర్తు ఉంటుంది. బయట కొత్తదానిలా ఉన్నా దాన్ని మళ్ళీ ఎక్కించకూడదు. హైవే మీద ఏ కారణమూ లేకుండా పేలిందనుకునే టైర్లలో చాలావాటికి కారణం అంతకుముందెప్పుడో ఇలా జరిగిన నష్టమే. అందుకే గాలి పూర్తిగా పోయిన టైరుతో కొంత దూరం నడపాల్సి వచ్చి ఉంటే, బయటినుంచి పురి (రంధ్రంలో దూర్చే రబ్బరు తాడు) గుచ్చి పంపేస్తానన్న పంక్చరు షాపులో గట్టిగా అడిగి విప్పించాలి. పది నిమిషాలు ఎక్కువ పట్టినా ఫరవాలేదు. పంక్చరు మరమ్మతుకు హద్దు కూడా ఉంది. ట్రెడ్ నడిమి భాగంలో 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతే లోపలినుంచి ప్యాచ్‌తో కూడిన ప్లగ్గు నమ్మకమైనది. భుజం మీదా సైడ్‌వాల్ మీదా వేసిన పురి దారి తప్పిన చోటునుంచి మెల్లగా ఊరు చేరడానికే.

రాయలసీమ వైపు వెళ్ళేవారు సర్కారు తుమ్మ ముళ్ళ సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. ముల్లు గుచ్చుకుని విరిగిపోతే తల బయటికి కనపడదు, ట్యూబ్‌లెస్ టైరు దాన్ని పట్టుకునే ఉంటుంది. వారానికి రెండు మూడు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున గాలి జారుతుంటే సాధారణంగా ఇలాంటిదే కారణం. బాగున్న టైరులో నెలకు ఒకటి రెండు పీఎస్ఐ తగ్గడం సహజం. దారిలో ముల్లు కనిపించినా వెంటనే పీకకూడదు. పీకితే మెల్లగా పోయే గాలి బుస్సుమని పోతుంది. మరమ్మతు సామాను చేతిలో పెట్టుకుని పీకాలి.

బీడ్ అంటే టైరు అంచు రిమ్ములో కూర్చునే చోటు. బురదలో తక్కువ గాలితో నడిచినప్పుడు అక్కడ మట్టి, సన్న ఇసుక దూరి గాలి కారుతుంది. సబ్బునీళ్ళు పోస్తే బుడగలు వస్తాయి. రిమ్ము లోపలి గిన్నెలో ఎండిపోయిన బురద ముద్ద ఇంకో పెద్ద ఇబ్బంది. 80 కిలోమీటర్ల వేగంలో స్టీరింగు వణికితే అలైన్‌మెంటుకు డబ్బు పెట్టేముందు రిమ్ముల లోపలి వైపు పైపుతో కడిగి చూడండి. చాలాసార్లు అక్కడితో పోతుంది.

ఇక ట్రెడ్. డెప్త్ గేజి ఖరీదు చాలా తక్కువ. లోపలి అంచు, మధ్య, బయటి అంచు, ఇలా మూడుచోట్ల, టైరు చుట్టూ నాలుగు చోట్ల కొలవాలి. ఆల్ టెర్రెయిన్ (తారుకూ మట్టికీ పనికొచ్చే) టైర్లలో దిమ్మల మధ్య చిన్న గట్లు ఉంటాయి. అవి రాళ్ళు ఇరుక్కోకుండా పెట్టినవి, అరుగుదల గుర్తులు కావు. వాటి మీద గేజి పెడితే తప్పు కొలత వస్తుంది. అసలు గుర్తులకు సైడ్‌వాల్ భుజం మీద చిన్న త్రికోణమో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో దారి చూపిస్తాయి. అక్కడ గాడిలో అడ్డంగా ఉన్న కట్ట 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. మన మోటారు వాహనాల నిబంధనల్లో కార్లకు కనీస లోతు కూడా అదే. తారురోడ్డుకు అది చట్టం గీసిన గీత. బురదలోకి దిగే బండికి 4 మిల్లీమీటర్ల దగ్గరే టైరు పట్టు వదిలేయడం మొదలవుతుందనుకోవాలి.

మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంటు, అక్కడక్కడ గుంటలు పడితే షాకబ్జార్బర్ల లోపమో, బ్యాలెన్సింగ్ లోపమో. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందించగల ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు వెనకల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. ట్రెడ్ 5 మిల్లీమీటర్లు తక్కువుంటే చక్రం వ్యాసం 10 మిల్లీమీటర్లు తగ్గుతుంది. 255/65 ఆర్ 18 టైరు ఎత్తు దాదాపు 789 మిల్లీమీటర్లు, అంటే తేడా 1.3 శాతం. ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలనూ కలిపి నడిపే గేరులో, ముందు వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరగాలి కాబట్టి ప్రతి కిలోమీటరుకూ సుమారు 13 మీటర్ల దూరం ఎక్కడో జారి సర్దుకోవాలి. మట్టిలో జారుతుంది. గట్టి నేల మీద ఆ ఒత్తిడంతా ముందు వెనక ఇరుసులకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. ఎనిమిది పది వేల కిలోమీటర్లకోసారి స్టెప్నీతో కలిపి ఐదు టైర్లనూ మార్చి మార్చి వేయమనడం అందుకే.

నాలుగు అంకెల్లో వయసు

సైడ్‌వాల్ మీద డీఓటీ అక్షరాల తర్వాత వచ్చే వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 3522 అని ఉంటే 2022వ సంవత్సరం 35వ వారంలో తయారైన టైరు. మూడే అంకెలుంటే 2000కు ముందుది. పాత జీపు కొన్నవారికి అప్పుడప్పుడు ఎదురవుతుంది, దాన్ని పారేయడమే. ఈ తేదీ చాలా టైర్లలో ఒకవైపే ఉంటుంది. బయట కనపడలేదంటే లోపలివైపు ఉందన్నమాట. ఫోనును బండి కిందికి చాపి ఫోటో తీస్తే పడుకునే శ్రమ తప్పుతుంది. ఐదు టైర్ల తేదీలూ రాసుకోండి. సెకండ్ హ్యాండ్ బండిలో ఐదూ ఐదు రకాలుగా ఉండటం అరుదేమీ కాదు.

రబ్బరును ముదిరేలా చేసేవి ఆక్సిజను, ఓజోను, వేడి. వీటిని అడ్డుకోవడానికి తయారీలోనే మైనం, ఇతర రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటే అవి పైకి ఊరి పొరలా కాపాడతాయి. సైడ్‌వాల్ మీద కనిపించే గోధుమ రంగు చాయ అదే, దోషం కాదు. కదలకుండా నిలబెట్టిన బండిలో ఈ ఊట ఆగిపోతుంది, సన్న పగుళ్ళు తొందరగా వస్తాయి. తక్కువ తిరిగిన బండి టైర్లు ఎక్కువ కాలం వస్తాయన్న నమ్మకం ఇక్కడే తప్పుతుంది. మెరుపు కోసం పూసే పాలిష్ ముదిరిన రబ్బరును వెనక్కి తేలేదు, పగుళ్ళను కనపడకుండా మాత్రం చేస్తుంది. పరీక్షకు ముందు సబ్బుతో కడిగేయాలి.

ఎన్నేళ్ళు? కొన్ని పెద్ద టైరు కంపెనీలు చెప్పేది ఇది: ఐదేళ్ళ వాడకం దాటాక ఏడాదికోసారి నిపుణుడితో చూపించాలి, ట్రెడ్ ఎంత ఉన్నా తయారీ నుంచి పదేళ్ళకు మార్చేయాలి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్ళే అంటాయి. అనంతపురం, కర్నూలు ఎండల్లో హైవే మీద నిండు లోడుతో వెళ్ళే బండికి ఆరేళ్ళ మాటే సబబు. పదేళ్ళన్నది ఆఖరి గడువు, అక్కడిదాకా వాడి తీరాలన్న లక్ష్యం కాదు.

స్టెప్నీ విషయంలో ఎక్కువమంది మోసపోతారు. థార్, జిమ్నీ లాంటివాటికి అది వెనక తలుపు మీద ఎండలో వేలాడుతూ ఉంటుంది. ఒక్క కిలోమీటరు తిరగకపోయినా మిగతా నాలుగింటితో పాటే దాని వయసూ పెరుగుతుంది. గాడులు పూర్తిగా ఉంటాయి కాబట్టి కొత్తదనిపిస్తుంది. కొత్త టైర్లు నాలుగు కొన్నప్పుడు ఎనిమిదేళ్ళ స్టెప్నీని అలాగే ఉంచేయడం చాలా చోట్ల కనిపిస్తుంది, అది సరైన పొదుపు కాదు.

కొత్తవి కొనేటప్పుడు బిగించకముందే నాలుగు అంకెలూ చదవాలి. ఏడాది లోపువి అడిగి తీసుకోవాలి, నాలుగూ దగ్గర దగ్గర వారాలవైతే ఇంకా మంచిది. పాత టైర్లు అమ్మే చోట ఇంకో జాగ్రత్త అవసరం. అరిగిపోయిన టైరుకు కత్తితో గాడులు లోతుగా చెక్కి అమ్ముతుంటారు. ఇందాకటి 1.6 మిల్లీమీటర్ల కట్ట గాడిలో కనపడకపోయినా, అదీ కోసేసి ఉన్నా అది చెక్కిన టైరే. ఉక్కు బెల్టు మీద మిగిలిన రబ్బరు కాగితమంత.

గాలి: చల్లటి టైరు చెప్పేదే లెక్క

డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద కనిపించే స్టిక్కరులో ఉన్న అంకె చల్లటి టైరుకు సంబంధించింది. చల్లటిదంటే బండి కనీసం మూడు గంటలు కదలకుండా, ఎండ తగలకుండా ఉన్నప్పుడు. టైరు మీద అచ్చయిన గరిష్ఠ పీఎస్ఐ వేరు. అది టైరు తట్టుకోగల హద్దు, మీ బండికి కొట్టాల్సిన గాలి కాదు.

టైరులో 30 పీఎస్ఐ ప్రాంతంలో ఉన్నప్పుడు ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు మారితే సుమారు ఒక పీఎస్ఐ మారుతుంది. పరిగెత్తితే నాలుగైదు పెరగడం మామూలే. బెంగళూరులో ఉదయం 30 పెట్టి బయల్దేరి, మధ్యాహ్నం అనంతపురం దగ్గర బంకులో చూస్తే 36 ఉందని గాలి తీసేయడం పెద్ద పొరపాటు. ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే స్టిక్కరు అంకె ఇచ్చారు. తీసేస్తే మర్నాటి ఉదయానికి టైరు 25 దగ్గర ఉంటుంది. అక్కడినుంచి వేడి పెరుగుతుంది, నష్టం మొదలవుతుంది. వేడి టైరులో గాలి తీయకూడదన్న ఒక్క నియమం పాటించినా చాలా టైర్లు బతుకుతాయి.

ఎత్తు ప్రభావం గురించి చెన్నై బెంగళూరు మధ్య తిరిగేవారు అడుగుతుంటారు. గేజి చూపేది లోపలి ఒత్తిడికీ బయటి గాలి ఒత్తిడికీ తేడా. సముద్రమట్టంలో బయటి ఒత్తిడి 14.7 పీఎస్ఐ, 920 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో దాదాపు 13.2. అంటే చెన్నైలో 32 పెట్టిన టైరు ఇక్కడ ఒకటిన్నర ఎక్కువ చూపించాలి. కానీ ఇక్కడ వాతావరణం ఎనిమిది డిగ్రీలు చల్లగా ఉంటే ఒకటింబావు తగ్గుతుంది. రెండూ దాదాపు కొట్టుకుపోతాయి. కాబట్టి ఈ రెండు ఊళ్ళ మధ్య ఎత్తు కోసం ప్రత్యేకంగా చేయాల్సిందేమీ లేదు.

సొంత గేజి ఉండాలి. బంకు యంత్రాలు రెండు మూడు పీఎస్ఐ అటూ ఇటూ చూపించడం మామూలే, పైగా బంకు దాకా వెళ్ళేసరికి టైరు వేడెక్కుతుంది. దీనికి తేలిక ఉపాయం ఉంది. ఇంటి దగ్గర చల్లగా ఉన్నప్పుడు ప్రతి టైరుకూ ఎంత తక్కువుందో రాసుకోండి. కావాల్సింది 30, ఉన్నది 26 అయితే నాలుగు తక్కువ. బంకులో యంత్రం ఆ టైరుకు 28 చూపిస్తే 32 దాకా కొట్టించండి. యంత్రం ఎంత తప్పు చూపినా ఆ నాలుగు కలుస్తాయి. ముందు 0 నుంచి 60 పీఎస్ఐ దాకా ఉన్న డయలు గేజి కొనుక్కోండి. ఇసుకలోకి దిగేవారికి 30 దాకా మాత్రమే ఉన్న రెండోది ఉపయోగం, తక్కువ గాలిని అది స్పష్టంగా చూపిస్తుంది.

టైరు రకం మార్చినవారికి స్టిక్కరు పూర్తిగా సరిపోదు. సైజుకు ముందు ఎల్‌టీ అని ఉండే లైట్ ట్రక్ టైర్లు అదే బరువును మోయడానికి మామూలు కారు టైరు కంటే ఎక్కువ గాలి అడుగుతాయి. ఎంతన్నది కంపెనీ లోడు పట్టిక చూసి తేల్చుకోవాలి. సరిచూడటానికి సుద్దముక్క చాలు. ట్రెడ్ మీద అడ్డంగా మందపాటి గీత గీసి, తారురోడ్డు మీద వంద మీటర్లు తిన్నగా నడిపి ఆపండి. గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ, సమంగా చెరిగితే సరి. ఇంకో పరీక్ష ఉంది. గంటసేపు హైవే మీద నడిపాక కారు టైరులో సుమారు 4, ఎల్‌టీ టైరులో 6 వరకు పెరగాలి. అంతకు బాగా మించితే చల్లగా ఉన్నప్పుడు పెట్టింది తక్కువైందన్నమాట. అయితే పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఎండ బాగా మారే రోజున ఈ పరీక్ష నమ్మకంగా ఉండదు.

నైట్రోజను గురించి రెండు ముక్కలు. మామూలు గాలిలోనే 78 శాతం అదే. దొరకని చోట మామూలు గాలి కలిపితే ఏ నష్టమూ లేదు, అది దొరికేదాకా తక్కువ గాలితో నడపడమే నష్టం.

దించడం, మళ్ళీ ఎక్కించడం

మట్టిలో గాలి దించడం టైరును మెత్తబరచడానికి మాత్రమే కాదు. ఒక చక్రం మీద 450 కిలోల బరువు పడుతోందనుకుంటే 30 పీఎస్ఐ దగ్గర నేలను తాకే వైశాల్యం లెక్క ప్రకారం సుమారు 210 చదరపు సెంటీమీటర్లు. 15కు దించితే లెక్క రెట్టింపు అంటుంది. సైడ్‌వాల్ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి నిజంగా అంత పెరగదు. ఆ పెరుగుదల వెడల్పులో కంటే పొడవులో ఎక్కువ, ఇసుకలో తేలడానికి కావాల్సిందీ అదే.

స్టిక్కరు 30 ప్రాంతంలో ఉన్న బండికి కంకర, గతుకుల మట్టిరోడ్డు మీద 24 నుంచి 26 సరిపోతుంది. రాళ్ళు ఎక్కేటప్పుడు 18 నుంచి 20. పెన్నా ఒడ్డు ఇసుక లాంటి చోట 15 నుంచి 18. కూరుకుపోయి వేరే దారి లేనప్పుడే 12, బయటపడగానే మళ్ళీ పెంచాలి. టైరు అంచును బిగించి పట్టే బీడ్‌లాక్ రిమ్ములు లేకుండా అంతకు దిగితే మలుపులో టైరు రిమ్ము మీదినుంచి ఊడిరావచ్చు. 20 కంటే తక్కువలో వేగం 40 దాటకూడదు, స్టీరింగు విసురుగా తిప్పకూడదు. బండి ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుందనీ, సైడ్‌వాల్ బయటికి పొంగి రాళ్ళకు దగ్గరవుతుందనీ మరచిపోకూడదు. పదునైన రాళ్ళున్న చోట మరీ తక్కువకు దించడం మంచిది కాదనేది ఇందుకే. బురదలో ఒకటే అంకె పనిచేయదు. అడుగున గట్టి నేల ఉంటే 22 దగ్గర ఉంచి టైరును కోసుకుంటూ దిగనివ్వడం మేలు, అడుగే లేని బురదైతే ఇసుకలాగే చూడాలి.

దించడం కంటే ఎక్కించడంలోనే నిర్లక్ష్యం ఎక్కువ. థార్ సైజు టైరులో 60, 70 లీటర్ల చోటు ఉంటుంది. 18 నుంచి 30కి తేవడానికి దాదాపు 55 లీటర్ల గాలి లోపలికి పోవాలి. నిమిషానికి 35 లీటర్లని రాసి ఉన్న కంప్రెసరుకు ఒక్కో టైరుకు రెండు మూడు నిమిషాలు, నాలుగింటికీ పావుగంట లోపు. ఇంజను నడుస్తూ ఉండాలి. సిగరెట్ లైటరు సాకెట్ ఫ్యూజు చాలా బండ్లలో 15 ఆంపియర్లే, అంటే 180 వాట్లు. అంతకంటే పెద్ద కంప్రెసరును నేరుగా బ్యాటరీకి క్లిప్పులతో తగిలించాలి. వాల్వు కోరు (వాల్వు లోపల గాలిని ఆపే చిన్న ముక్క) విప్పి గాలి తీస్తే పని తొందరగా అవుతుంది గానీ మట్టిలో ఆ చిన్న ముక్క పడిపోతే దొరకదు. రెండు కోర్లు, ఒక కోరు తాళం టూల్ సంచిలో అదనంగా ఉంచుకోండి. వాల్వు మూతలు కూడా అలంకారం కావు, ఇసుక రేణువు కోరులో పడకుండా ఆపేవి అవే.

కంప్రెసరు మొరాయిస్తే 20 పీఎస్ఐతో హైవే ఎక్కి బెంగళూరు దాకా వచ్చేద్దామనుకోకూడదు. దగ్గర్లోని ఊళ్ళో గాలి దొరికేదాకా 40 లోపు వేగంతో వెళ్ళాలి. మధ్యలో ఒకసారి ఆగి నాలుగు టైర్లనూ చేత్తో తాకండి. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే దానిలో గాలి తక్కువుండాలి, లేదా ఆ చక్రానికి బ్రేకు పట్టేసి ఉండాలి.

ప్రెషరు చూపే సెన్సర్లున్న బండిలో గాలి దించగానే లైటు వెలుగుతుంది, అది మామూలే. చక్రాల వేగాన్ని బట్టి అంచనా వేసే రకమైతే గాలి సరిచేశాక మళ్ళీ సెట్ చేయాలి. గాలి తక్కువగా ఉన్నప్పుడు సెట్ చేస్తే ఆ తక్కువ గాలినే సరైనదనుకుని ఊరుకుంటుంది.

మట్టిలోంచి తిరిగొచ్చిన మర్నాడు ఉదయం, బండి కదలకముందే ఐదు టైర్లూ ఒకసారి కొలవండి. మిగతావాటికంటే ఒకటి రెండు పీఎస్ఐ తక్కువుంటే దానికి సబ్బునీళ్ళు పట్టించాలి: ముందు వాల్వు, తర్వాత బీడ్ చుట్టూ, ఆఖరున ట్రెడ్ అంతటా. దారిలో చక్రం విప్పాల్సి వచ్చి ఉంటే, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక దాని నట్లు టార్క్ రెంచితో, బండి పుస్తకంలో ఇచ్చిన అంకెకు మళ్ళీ బిగించాలి.